చుట్టాలొస్తున్నారని చెరువు ఊడ్చేశారు

తూంకుంటలో ఇల్లు కట్టుకున్నాక ఊరికే కూర్చోలేక చెరువు కమిటీకి అధ్యక్షుణ్ణయ్యాను. చెరువు తూముకు తలుపు విరిగిపోయి నీళ్లన్నీ కారిపోతుండేవి. ఎండాకాలానికి చేపలు చచ్చేవి, వాటి మీద బతికేవాళ్లు కూలికి పోయేవారు. కంపెనీల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే చివరికి ఒకరు కరుణించారు. కొత్త తలుపుకు డబ్బులిస్తారు గానీ, ఒక మెలిక ఉంది. ముందు వాళ్ల ఉద్యోగులు ఒక శనివారం వచ్చి చెరువు నిండా అల్లుకున్న గుర్రపుడెక్కను తమ చేతులతో పీకాలట, ఆ ఫొటోలు పైవాళ్లు చూడాలట!

చేపల సంఘాన్ని నడిపే అక్కతో, "శనివారం కంపెనీవాళ్లొస్తున్నారక్కా" అన్నాను. అంతకు మించి చెప్పలేదు.

శనివారం పొద్దున వెళ్లి చూస్తే ఏముంది! చెరువు తళతళలాడుతోంది. గుర్రపుడెక్క ఒక్క ఆకు లేదు, తీసిందంతా ఒడ్డున కుప్ప పోశారు. పైగా కట్ట మీద ముగ్గు!

"ఏందక్కా ఇది?" అని అరిచాను.

"సుట్టాలొస్తరంటే ఇల్లు ఊడ్వరా సారూ? అందరికి నడుములు ఇరిగినయ్," అంది గర్వంగా.

"అయ్యో, వాళ్లొచ్చేదే పీకడానికి! పీకకపోతే ఫొటో లేదు, ఫొటో లేకపోతే తూముకు తలుపు లేదు. మళ్లీ నీళ్లలో వేద్దాం."

"దిమాగ్ ఖరాబైందా? ఊడ్సిన కచర మళ్ల ఇంట్ల పోస్తరా ఎవరన్న?"

ఆమె మాట న్యాయమే. నాకు కంపెనీ మీద ఒళ్లు మండింది, అసలు సంగతి ముందే చెప్పని నా నోటి మీద ఇంకా మండింది. ఇంతలో బస్సు అల్వాల్ దాటిందని ఫోన్. ప్యాంటు పైకి మడిచి ఒక మోపు నీళ్లలోకి తోశాను. అక్క తల బాదుకుంది, నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది, తిడుతూనే తనూ ఒక మోపు ఎత్తింది. మిగతా ఆడవాళ్లూ కదిలారు.

కొత్త టీషర్టుల్లో దిగినవాళ్లు కేరింతలు కొడుతూ పీకారు. అక్క ఒడ్డున నిలబడి, "ముక్కలు ఇడిశిపెట్టకుండ్రి బిడ్డా, మళ్ల మొలుస్తది!" అని ఒకటే కేకలు. వాళ్ల పెద్దాయన చెమటలు తుడుచుకుంటూ, "జీవితంలో ఇంత తృప్తి ఎప్పుడూ లేదండీ. తలుపు పని మొదలుపెట్టుకోండి. వచ్చే ఏడూ వస్తాం, మాకోసం కొంచెం ఉంచండి," అన్నాడు.

బస్సు వెళ్లాక అక్క ఏమంటుందోనని నాకు భయమేసింది.

"తలుపు నిజంగ వస్తదా సారూ?"

"వస్తుందక్కా."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత కుప్పలోంచి ఒక మొక్క లాగింది.

"గిది మా ఇంట్ల గోలెంల సాదుత తియ్. వచ్చే యాడాది సుట్టాలకు పని కావాలె గదా."