రాయచోటి నుంచి తెచ్చిన బండి

మా ఆయన ఒక షరతు పెట్టాడు. కర్నూలు నుంచి రాయచోటికి, మళ్లీ ఇంటికి బండి నేనే తోలాలి, తను వెనక కూర్చుంటాడు. బండికేమీ కాకుండా తెస్తేనే నాకొచ్చిన నర్సు ఉద్యోగంలో చేరాలి. ఉద్యోగం వచ్చిన ఊరు ఓర్వకల్లు దాటి లోపలికి ఉంది, పొద్దున పూట బస్సు లేదు. మా ఇంట్లో ఉన్నది ఈ గేర్ల బండి ఒక్కటే. షరతు వినగానే ఒళ్లు మండింది. చదువుకున్నది నేను, పరీక్ష పెట్టేది ఈయనా? అయినా సరేనన్నాను. ఆ ఉద్యోగం నాకు కావాలి.

మా అత్త షరతుకూ ఒప్పుకోలేదు. నేను బండెక్కితే చాలు, మొహం పక్కకు తిప్పుకుని లోపలికి పోయేది.

రాయచోటిలో మా చెల్లెలి బిడ్డను తొట్లో వేశారు. అది చూసుకుని తిరిగొచ్చేసరికి నడుము విరిగినంత పనైంది. గువ్వలచెరువు ఘాటులో లారీల పొగ, రోడ్డు తవ్వేసిన చోటల్లా కంకర, నెత్తిన ఎండ. వెనక నుంచి ఈయన "నిమ్మళం, నిమ్మళం" అని ఒకటే గోల. ఎక్కడా పడలేదు.

మర్నాడు పొద్దున బండిని వాకిట్లో స్టాండేసి, కడిగి, ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాడు. ఆయిలు చూశాడు, నట్లు బిగించాడు, చైనులో ఇరుక్కున్న మట్టి కిరసనాయిలుతో తీశాడు. నేను పరీక్ష రాసిన పిల్లలా పక్కనే నిలబడ్డాను. చివరికి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. అది గర్రుమని అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

"బ్రేకు మీద కాలు పెట్టే తోల్నావు. లోపల కాలిపోయింటాది," అన్నాడు.

"ఘాటు దిగేటప్పుడు తప్ప యాడ తొక్కినా? వెనకాలే కూర్చోనుంటివి గదా!"

"మరి చక్రమెందుకు తిరగల్యా?"

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఏడుపొచ్చింది, కానీ ఆయన ముందు ఏడవదలుచుకోలేదు.

చక్రం ఊడదీశాడు. బ్రేకులు శుభ్రంగా ఉన్నాయి. ఇరుసు చుట్టూ మాత్రం నల్లటి ఉండ ఒకటి బిగుసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో లాగితే మూరెడు నల్ల ఉన్నితాడు వచ్చింది.

"దిష్టితాడు! ఎవురు కట్టినారు దీన్ని?"

గడప దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్న మా అత్త తల ఎత్తలేదు.

"నేనే. మీరు పోయే ముందు కాలు పెట్టుకునే కమ్మీకి కట్టినా. పిల్ల శానా దూరం పోతాంది, అందరి కండ్లూ దాని మీదే ఉంటాయని."

"కడితే కడితివి, కొస కత్తిరించకూడదా అమ్మా? అది ఊడొచ్చి చక్రానికి చుట్టుకునింది," అని విసుక్కున్నాడు.

నాకైతే విసుగు రాలేదు. మొహం తిప్పుకుని పోయే మనిషి, నేను చూడకుండా వంగి ఆ తాడు కట్టింది. ఆమె మీద ఇన్నాళ్ల కోపం ఏమైందో తెలియదు.

గ్రీసు పెట్టి చక్రం బిగించి తిప్పాడు. చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. తాళంచెవి నా చేతిలో పెట్టి, "పాసైనావు లే," అన్నాడు.

"పాస్ చేసేకి నువ్వెవరప్పా?" అన్నాను. నవ్వాడు.

మా అత్త చేతులు కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. చక్రం ఆగేదాకా చూసింది.

"రేపు నన్ను గూడా ఎక్కించుకోని పో. నువ్వు పని చేసే ఊరు సూసొస్తా," అంది. తర్వాత వెనక సీటు మీద చెయ్యి వేసి, "యాడ పట్టుకోని కూర్చోవాల్నో ఇప్పుడే చూపీ," అంది.