కండ్లు మాత్రం వదిలేయండి

యుద్ధం రోజుల్లో బాగేపల్లిలో మాకు ఇంగ్లీషు చెప్పిన మేష్ట్రు ఏ క్రియనూ ఉత్త మాటలతో నేర్పలేదు. నాక్ అంటే మొట్టికాయ, పించ్ అంటే తొడపాశం, బీట్ అంటే బెత్తం. ఒంటి మీద పడితేగానీ మాట బుర్రకెక్కదని ఆయన నమ్మకం. గుండె కొట్టుకోవడాన్నీ బీట్ అంటారని, గడియారం గంట కొట్టడాన్ని స్ట్రైక్ అంటారని చెప్పేటప్పుడు మాత్రం కళ్లు మూసుకుని పాట పాడినట్టు చెప్పేవాడు. ఆ గొంతు కోసమే నేను ముందు వరుసలో కూర్చునేవాణ్ణి.

స్ట్రైక్‌కు అసలు అర్థం నా ఎడమ చెంప మీద చెప్పాడు. దెబ్బ చెవికి తగిలింది. వారం రోజులు చీము కారింది. ఆ తర్వాత ఆ చెవిలో చప్పుడే లేదు.

మా ఊరు పరగోడు నుంచి నాన్న నడిచొచ్చాడు. నిలదీస్తాడనుకున్నాను. నన్ను బడిలో చేర్చిన రోజు, మా వైపు తండ్రులందరిలాగే, "కండ్లు మాత్రం వదిలేయండి అయ్యవారూ, మిగతా ఒళ్లంతా మీదే" అని అప్పజెప్పి పోయిన మనిషి. ఇప్పుడు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తప్పు నాదే అయ్యవారూ. చెవుల మాట చెప్పేది మరిచిపోతి."

"పోనీలేప్పా" అన్నాడు మేష్ట్రు, నాకిష్టమైన ఆ గొంతుతోనే.

ఇద్దరి మాటలూ నేను కుడి చెవితో విన్నాను.