శుక్లపక్షం వంతు

చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరు జిల్లా అయిన ఏడాది నన్ను కార్వేటినగరం దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. ఆరోగ్య పర్యవేక్షకురాలి ఉద్యోగం. డాక్టరు గారికి కింద, ఊళ్ళు తిరిగే ఏ.ఎన్.ఎం.లకు పైన ఉంటాం. పైవాళ్ళ అక్షింతలూ కిందివాళ్ళ సణుగుళ్ళూ రెండూ మాకే దక్కుతాయి.

నా సర్వీసంతా కాన్పులు వాయిదా వేయించడంలోనే గడిచింది. మాత్రలెన్ని, కాపర్-టి లెన్ని, ఆపరేషన్లెన్ని అని నెలనెలా పైనుంచి అడిగేవారు. సహజ పద్ధతి సంగతి మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నెలసరికీ నెలసరికీ నడుమ గర్భం నిలిచేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో తెల్లబట్ట పల్చబడి జారుడుగా, సాగేట్టు ఉంటుంది. అండం విడుదలయ్యాక చిక్కబడి తగ్గిపోతుంది. బిడ్డ వద్దనుకునేవాళ్ళు ఆ రోజుల్లో దూరంగా ఉండాలి, కావాలనుకునేవాళ్ళు దగ్గరగా ఉండాలి. ఇందులో ఇవ్వడానికి బిళ్ళ లేదు, వేయడానికి సూది లేదు. అందుకే దానికి మర్యాదా లేదు.

వకుళ నా దగ్గరికి వచ్చింది బిడ్డ కావాలని. ఆమె భర్త పార్థసారథి, అతని అన్న ఇద్దరూ వాళ్ళ ఊరి పెరుమాళ్ళ గుడిలో అర్చకులు. పెళ్ళై ఐదేళ్ళు. తిరుపతిలో ఇద్దరికీ పరీక్షలు చేసి ఏ లోపమూ లేదన్నారు. బంధువులు సీమంతాలకు ఆమెను పిలవడం మానేశారు. ఇక మద్రాసు పోయి సూదులు వేయించుకోవాలని ఇంట్లో మాట నడుస్తోంది.

"ఇద్దరికీ ఏమీ లేదన్నాక తప్పంతా నా మీదే పడతా ఉండాది మేడమ్. ఈ ఏడు కూడా కాకపోతే మా నాయన దగ్గరికి పోయి ఆడనే ఉండిపోతా" అంది. బెదిరింపుగా అనలేదు. తేల్చుకున్న మనిషిలా అంది. నాకు భయం వేసింది.

జారుడు రోజులు ఎలా గుర్తుపట్టాలో చెప్పాను. శిక్షణలో మాకు కోడిగుడ్డు తెల్లసొన పోలిక నేర్పారు. గుడ్డు ముట్టని ఇంటి కోడలికి అది చెబితే ఏం లాభం? బెండకాయ జిగురు అన్నాను. వెంటనే అర్థమైంది.

రెండు నెలలు గమనించి మళ్ళీ వచ్చింది. నేను తారీఖులడిగితే ఆమె తిథులు చెప్పింది. అమావాస్య దాటగానే బయట చేరుతుంది. ఎప్పుడైనా తేడా వస్తే ఒకటి రెండు రోజులే. జిగురు కనిపించేది నవమి దశమి మొదలు పున్నమి దాకా. ఆ రోజుల్లో కలిసి ఉంటున్నారా అని అడిగాను.

"అది ఆయన వంతు కదా మేడమ్. అమావాస్య నించి పున్నమి దాకా గుళ్ళోనే పండుకుంటారు. ఇంటికి రారు."

ఆ గుడి కట్టుబాటు అది. శుక్లపక్షం తమ్ముడిది, బహుళపక్షం అన్నగారిది. వంతులో ఉన్నవాడు బ్రహ్మచర్యం పాటిస్తూ గుడి ఆవరణలోని గదిలోనే ఉండాలి. పున్నమి దాటి పార్థసారథి ఇంటికొచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది. పైగా ఆమె బయట చేరే రోజులు కూడా అతని వంతులోనే పడుతున్నాయని, మడికి ఇబ్బంది లేదని ఇంటిల్లిపాదీ సంతోషిస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే, ఐదేళ్ళుగా ఆ పిల్ల పడ్డ మాటలు గుర్తొచ్చాయి.

అన్నదమ్ములు వంతులు మార్చుకుంటే సరి. అయితే అన్నను ఏమని అడగాలి? పార్థసారథిని పిలిపించి చెబితే తలెత్తకుండా, అంతకంటే మద్రాసు పోవడమే మేలన్నాడు. మా డాక్టరు గారితో చెప్పి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. అత్తగారు ఆండాళమ్మ మడి విషయంలో నిప్పు అని విని ఉన్నాను. నాలుగు చీవాట్లకు సిద్ధపడే తిన్నె మీద కూర్చున్నాను.

ఆవిడ ఆసాంతం విన్నది. వంతు మారిస్తే బిడ్డ ఖాయమా అని అడిగింది. ఖాయమని చెప్పలేనన్నాను. ఇప్పుడున్నట్టే ఉంటే మాత్రం ఆశ లేదన్నాను.

"స్వామికి ఏ పక్షమైనా ఒకటే నర్సమ్మా. ఈ అడ్డం మనం పెట్టుకున్నిందే" అంది. "పెద్దోడికి నేను చెప్తా. ఎందుకని అడిగితే, అమ్మ చెప్పిందంటే చాల్దా?"

చాలింది. వచ్చిన అమావాస్యకు వంతులు మారాయి. మరి కొన్ని నెలలకు వకుళ నెల తప్పింది. ఆ కబురు విన్న రోజు నేను ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచాను. కారణం మాత్రం చెప్పలేదు. ఆడపిల్ల పుట్టింది.

బిడ్డకు తొమ్మిదో నెలలో టీకా వేయించడానికి వచ్చి వకుళ గుట్టుగా ఒక మాట అడిగింది. ఇంకో కాన్పుకు ఎడం కావాలట. పాత వంతుకు మారిపోతే సరిపోదా అని. తెలివైన ప్రశ్నే. కానీ వద్దన్నాను. పాలిచ్చే తల్లికి నెలసరి ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం, దానికంటే ముందే అండం విడుదల కావచ్చు. చంద్రుడికి పంచాంగం తెలుసు గానీ ఆమె ఒళ్ళు తెలియదు కదా. నెలసరి కుదురుకునేదాకా నిరోధ్ వాడమని, కుదురుకున్నాక తిథిని నమ్ముకోకుండా రోజూ జిగురు చూసుకోమని చెప్పి పంపాను.

పోయినేడు రిటైరయ్యాను. ఆ కేసు తర్వాత నా పద్ధతిలో ఒక్కటే మారింది. పిల్లలు లేరని ఎవరొచ్చినా, పరీక్షల చీటీ కంటే ముందు ఇంటాయన రాత్రిళ్ళు యాడ పండుకుంటాడని అడిగేదాన్ని. వచ్చినవాళ్ళలో పలమనేరు నుంచి బెంగళూరుకు పాల వ్యాను తోలేవాళ్ళ భార్యలున్నారు, రాత్రి కాపలా కాసేవాళ్ళ భార్యలున్నారు. అడిగితే చాలామంది నవ్వేవారు. నవ్వనివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని.