తండ్రుల ఎత్తు

మా డాక్టరు గారు ఏ తండ్రి చెప్పిన ఎత్తునూ నమ్మేవారు కాదు.

పిల్లల హార్మోన్ల వైద్యం ఆయనది. వయసుకు తగ్గట్టు ఎదగని పిల్లలు, తొందరపడి ఎదిగే పిల్లలు, షుగరున్న పిల్లలు వచ్చేవారు. పిల్లవాడు ఎంత ఎదుగుతాడో లెక్క కట్టాలంటే తల్లిదండ్రుల ఎత్తు కావాలి. తల్లులు ఉన్నది చెప్తారు. తండ్రులందరూ ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. నర్సుగా పన్నెండేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. అంతకంటే పొట్టి తండ్రి ఒక్కడూ ఆ గుమ్మం దాటి రాలేదు.

"బూట్లు విప్పండి."

"నా ఎత్తు నాకు తెలీదాండీ?"

"మీకు తెలుసు. నాకే తెలీదు. విప్పండి."

బూట్లయ్యాక మేజోళ్ళు. మేజోళ్ళయ్యాక జుట్టు. పైకి దువ్విన జుట్టును అరచేత్తో అదిమి, "ఇందులో అంగుళం దాచారు" అనేవారు. ఒకాయన ఊపిరి బిగబట్టి నిలబడితే, అది వదిలేదాకా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఎత్తు కొలిచే గోడనూ నమ్మేవారు కాదు. ఆరు నెలలకోసారి తాపీమేస్త్రీని పిలిపించి, దారానికి గుండు కట్టి వేలాడదీయించి, గోడ నిటారుగా ఉందో లేదో చూసేవారు.

"గోడలు పెరగవు సార్" అన్నాడు మేస్త్రీ.

"వంగుతాయి" అన్నారు ఈయన.

పొట్టి పిల్లల విషయంలో ఇదంతా సబబే. షుగరు పిల్లల తల్లిదండ్రులనూ వచ్చిన ప్రతిసారీ కొలవమనేవారు.

"పోయిన నెలే కొలిచాం సార్."

"నెలలో ఎన్నైనా జరుగుతాయి."

పైగా కొలిచే గది వరండా చివర. అంత దూరం దేనికని అడిగితే, "నాలుగడుగులు నడిస్తే వెన్ను సర్దుకుంటుంది" అన్నారు. దాంతో నాకు ఆయన మీదే అనుమానం మొదలైంది. చాదస్తం ముదిరిందనుకున్నాను.

ఒకరోజు పదమూడేళ్ళ షుగరు పిల్లను తీసుకుని తల్లీ తండ్రీ వచ్చారు.

"పుస్తకం చూడండి డాక్టరు గారూ, ఎంత చక్కగా రాసిందో! షుగరు అదుపులో ఉంటేనే స్కూలు టూరుకు పంపుతానన్నాను మరి" అన్నాడు తండ్రి.

రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకుని రాసిన అంకెలు. నూటపది, నూటఇరవై, నూటపదిహేను. నెలంతా ఒకే పెన్ను. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మరక లేదు. బల్ల మీదున్న రక్త పరీక్ష మాత్రం, మూడు నెలలుగా షుగరు అంతకు రెండింతలుందని చెబుతోంది. డాక్టరు గారు పుస్తకాన్ని వెలుతురుకు పట్టి చూశారు. వాసన కూడా చూశారు.

"మీ ఎత్తెంత?" అన్నారు తండ్రితో.

"మళ్ళీనా? ఐదూ తొమ్మిది!"

"అమ్మా, మీరూ వెళ్ళండి. సిస్టర్, ఇద్దరికీ మూడేసి సార్లు."

వాళ్ళను కొలిచే గదిలో నిలబెట్టి, రాసుకునే చీటీ కోసం వెనక్కి వచ్చాను. తలుపు ఓరగా తెరిచి ఉంది.

"వీటిలో నిజమైనవి ఎన్ని?" డాక్టరు గారి గొంతు.

"మొదటి రెండు రోజులవి."

"ఇన్సులిన్ సూదులు?"

"స్కూల్లో మధ్యాహ్నంది మానేస్తున్నా సార్. బాత్‌రూమ్‌లో వేసుకోవాలి. దానికి గడియ లేదు."

"ఇంట్లో చెప్పలేదా?"

"అంకె పెద్దదైతే నాన్న మాట్లాడరు. అమ్మ ఏడుస్తుంది. ఇప్పుడు టూరు కూడా పోతుంది."

"మీ నాన్నగారు ఐదూ తొమ్మిదని చెప్పారు. ఉన్నది ఐదూ ఆరున్నర. నేనేమైనా అన్నానా?"

ఏడుస్తున్న పిల్ల కిసుక్కున నవ్వింది.

"సూది మానడం మాత్రం తమాషా కాదు తల్లీ, ప్రాణం మీదకొస్తుంది. వాళ్ళకు నేను చెప్పనా, నువ్వు చెప్తావా?"

"నేనే చెప్తా. కొంచెం ఆగి."

"ఆగు. మీ నాన్నకు ఇంకా రెండుసార్లుంది."

చీటీ సంగతే మరచి వెనక్కి వెళ్ళి, ఇద్దరినీ ఐదేసి సార్లు కొలిచాను.

"ఈ వయసులో ఎదుగుతున్నానా ఏమిటమ్మా?" అని విసుక్కున్నాడు తండ్రి.

వాళ్ళు వచ్చి కూర్చున్నాక పిల్ల తలొంచుకుని అంతా చెప్పింది. తల్లి కళ్ళు తుడుచుకుంది. తండ్రి ముఖం ఎర్రబడింది.

"ఇంక టూరెక్కడిది! ఇన్ని అబద్ధాలు రాసిన పిల్లను ఎలా నమ్మమంటారు?"

"నమ్మొద్దు. నేనూ నమ్మను. టీచరు గదిలో, టీచరు ముందు సూది వేసుకునేట్టు స్కూలుకు ఉత్తరం రాసిస్తాను. నెలపాటు ఒక్కటీ మానకపోతే టూరుకు పంపండి. అక్కణ్నుంచి పూటపూటా నాకు ఫోన్ చేసి అంకె చెప్పాలి. అదెంతైనా తిట్టకూడదు. నేనూ, మీరూ."

తండ్రి పుస్తకం వైపు చాలాసేపు చూశాడు.

"ఎంతైనానా?"

"ఎంతైనా."

టూరు రెండో రోజు సాయంత్రం ఫోన్ మోగింది. "రెండొందల ఎనభై సార్. ఐస్‌క్రీం తిన్నా."

డాక్టరు గారు ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "నిజం చెప్పింది సిస్టర్!" అన్నారు, తనే పరీక్ష పాసైనంత సంబరంగా. సూది మోతాదు చెప్పబోయి ఆగారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఒక్కటేనా?"

"రెండు సార్."

"ఎంత పెద్దవి?" అన్నారు పెన్ను మూత తీస్తూ.