మామయ్య కారులో ఎర్రలైటు

ఆ రోజుల్లో ఇంట్లో కారుండటం గొప్ప. ఆ కారు అనుకున్న వేళకి అనుకున్న ఊరు చేరటం ఇంకా గొప్ప. తెనాలిలో బట్టల కొట్టున్న మా మామయ్యకి మొదటి గొప్ప ఒక్కటే దక్కింది. పాత కారు కొన్ననాడే అత్తయ్య పట్టుబట్టి స్టీరింగు ముందు ఇత్తడి ఆంజనేయస్వామిని స్క్రూతో బిగింపించింది. కొన్నాళ్ళకి స్వామి పాదాల కింద ఆయిల్ లైటు ఎర్రగా వెలగటం మొదలైంది. ఆయిల్ చూస్తే నిండుగా ఉండేది. తెనాలి మెకానిక్ ఆయిల్ మార్చాడు. బాపట్ల మెకానిక్ ఏకంగా ఇంజనే దించాడు. చీరాల ఆయన బల్బు మార్చి, “ఇప్పుడు ఇంకా బాగా వెలుగుద్దండి” అన్నాడు.

ఇంతలో నాకు రేపల్లెలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. చేరటానికి ఆఖరి రోజు, సాయంత్రం ఐదులోపు సంతకం పెట్టకపోతే ఉద్యోగం గోవిందా! (ఆఖరి రోజు దాకా ఎందుకాగానంటారా? మంచిరోజు అదేనని అత్తయ్య తేల్చింది.) పొద్దున్నే బస్సెక్కుతానంటే మామయ్య వింటేనా! “ఉద్యోగంలో చేరబోతూ బస్సులో వేలాడతావేంట్రా? నేను దింపుతా కదా!” అని మధ్యాహ్నం భోంచేశాక బయల్దేరదీశాడు. ఊరు దాటామో లేదో లైటు. మామయ్య కారాపి, బానెట్ ఎత్తి, ఇంజను చల్లారేదాకా కాలవగట్టు మీద కూర్చుని, మళ్ళీ ఎక్కేముందు స్క్రూడ్రైవరుతో స్వామిని ఇంకాస్త బిగించాడు. “గతుకులకి స్వామి ఊగుతున్నాడ్రా. ఆయనకి కోపం రాదూ?” అన్నాడు. వేమూరు దగ్గర మళ్ళీ లైటు, మళ్ళీ బిగింపు. రేపల్లె బస్సు మమ్మల్ని దాటిపోయింది. భట్టిప్రోలు ముందు ఇంకోసారి ఆగితే రైలు కూడా దాటిపోయింది. కిటికీలోంచి ఎవరో చెయ్యి కూడా ఊపారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“మామయ్యా, నాలుగున్నరయింది! లైటు వెలిగితే వెలిగింది, పోనీ!”

“స్వామి ఊగుతుంటే ఎట్టా పోనిస్తాన్రా? ఇంజను పట్టేస్తే నువ్వు తోస్తావా?”

“ఊగటమేగా నీ బాధ?” అని స్క్రూడ్రైవరు లాక్కుని, స్వామిని ఊడదీసి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. కారు కదిలింది. లైటు ఆరిపోయింది. గోతుల్లో పడి లేచినా వెలగలేదు! అనుమానమొచ్చి స్క్రూ ఊడిన బెజ్జంలోకి తొంగిచూస్తే, వెనక ఆ లైటుకి పోయే తీగ మీద స్క్రూ మొన దిగిన గాటు. బిగించినకొద్దీ దిగింది మరి.

“మామయ్యా, ఇదంతా స్క్రూ వల్లే! తీగకి తగులుతోంది!”

“నోర్ముయ్. స్వామికి నీ ఒళ్ళో కూర్చోవాలనిపించింది. లెంపలేసుకో.”

స్వామిని రెండు చేతులా పట్టుకున్నవాణ్ణి, ఏ చేత్తో వేసుకోను? ఐదవబోతుండగా స్వామితో సహా ఆఫీసులోకి పరుగెత్తాను. పెద్ద గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని, “ఏంటి బాబూ, ఉద్యోగంలో చేరటానికొచ్చావా, ప్రతిష్ఠకొచ్చావా?” అంటూనే సంతకం పెట్టించుకున్నారు.

స్క్రూ సంగతి మామయ్య చివరిదాకా ఒప్పుకోలేదు. ఆ కారులో ముందు సీట్లో ఎవరు కూర్చున్నా స్వామిని ఒళ్ళో పెట్టుకోవాల్సిందే. మామయ్య పోయాక అత్తయ్య ఆ స్వామిని నాకిచ్చింది, నా కారులోనే ఉంచుకున్నాను. మొన్న బాపట్ల వెళ్తుంటే నా కారులో ఏదో పసుపు లైటు వెలిగింది. “ముందు మెకానిక్‌కి చూపించండి” అంది మా ఆవిడ.

“చూపిద్దాంలే. ముందు స్వామిని ఒళ్ళో పెట్టుకో” అన్నాను, అచ్చం మామయ్య గొంతుతో. లైటు ఆరలేదు. నవ్వొచ్చింది గానీ, మామయ్య పక్కనుండి “లెంపలేసుకో” అంటే ఎంత బాగుండేదో అనిపించింది.