రెజీనాకు వెంకటన్న మామ ఫోన్లు

మా వెంకటన్న మామ ఏ ఊరికి పోవాలన్నా ముందు ఆ ఊళ్లో ఉండే మనిషితో ఫోన్లో మాట్లాడాల్సిందే. ఆత్మకూరులో బోరు మోటార్లు బాగుచేసే ఈయన, బీచుపల్లి ఆంజనేయుణ్ణి చూడ్డానికి బయలుదేరే ముందు కూడా అక్కడి కొబ్బరికాయల అంగడికి ఫోన్ చేసి, చెప్పులు ఎక్కడ విడవాలో కనుక్కుంటాడు. అమ్రాబాద్‌లో పెళ్లికి పిలిస్తే, పిలిచినవాళ్లను వదిలేసి వంటవాడితో అరగంట మాట్లాడాడు.

నేను వనపర్తిలో నర్సుని. కెనడాకు దరఖాస్తు పెట్టుకుంటుంటే ఏ రాష్ట్రం కావాలో తేల్చుకోమన్నారు. నాతో చదివినవాళ్లంతా టొరంటో దగ్గరే ఉన్నారు. నాకేమో సస్కాచెవాన్‌లో అవకాశం ఎక్కువన్నారు. పేరే నోరు తిరగని చోట ఒక్కదాన్నే ఎట్లా ఉండాలో తోచక మామకు చెప్పాను.

"ఆడ మనకు ఎవరు తెల్సు?" అన్నాడు.

"ఎవరూ తెల్వదు మామా."

"తెల్వకుంటే తెల్సుకుంటం. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

ఎవరితోనో వెతికించి, ఆ రాష్ట్రంలోని రెజీనా ఊళ్లో ఒక కిరాణా కొట్టు నంబరు పట్టాడు. కొట్టు యూసుఫ్ భాయ్‌ది. ఆయన లాహోర్ మనిషి. మామకు ఇంగ్లీషు రాదు, ఉర్దూ మాత్రం దంచేస్తాడు. మొదటిరోజు బియ్యం సంగతి అడిగాడు. మర్నాడు చలి సంగతి. సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి పోతుందని వినగానే, మరి మోటార్లు ఎట్లా నడుస్తాయని ఆయన్ని గంటసేపు నిలదీశాడు. మనకు రాత్రి భోజనాల వేళకు అక్కడ కొట్టు తెరుస్తారు. తెరవగానే మామ ఫోన్.

నెల తిరిగేసరికి తీర్పు చెప్పాడు. "సస్కాచెవానే రాయి బిడ్డా. ఆడ మనోళ్లున్నరు."

ముఖమైనా చూడని కిరాణావాళ్లు మనోళ్లెట్లా అయ్యారని మా ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వుతూనే రాశాను. వీసా రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఫోన్లు ఒక్కరోజు ఆగలేదు.

జనవరిలో రెజీనాలో దిగాను. విమానాశ్రయంలో ఒకావిడ మందపాటి కోటు పట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చి, అర్చనా అని పిలిచింది. యూసుఫ్ భాయ్ భార్య రజియా. కోటు నాకు సరిగ్గా సరిపోయింది. మామ మా అమ్మనడిగి నా కొలతలు పంపాడట. నేను ఉండటానికి గది కూడా చూసిపెట్టారట.

"మీ మామ మమ్మల్ని అడిగింది తక్కువ, నీ గురించి చెప్పింది ఎక్కువ," అంది రజియా ఉర్దూలో. "కొత్తచోట పిల్ల బెదురుతుంది, మీకైనా ఆ పిల్ల ముందే తెలిసుంటే మంచిదన్నాడు. నీకు వంకాయ పడదని కూడా మాకు తెలుసు."

కారెక్కాక మళ్లీ అంది:

"నువ్వు వచ్చేశావు. ఇక మీ మామ ఫోన్ చేయడేమోనని మా ఆయన పొద్దుట్నుంచీ దిగాలుగా కూర్చున్నాడు."