చెరొక స్పీకరు

మా చిన్నాయన గత నెలలో చనిపోయాడు. ఆఫీసులో పొద్దుటి మీటింగు నడుస్తుండగా చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఆమె ఎన్నడూ చేయదు. బయటికి వచ్చి ఎత్తాను. "బిడ్డా, మీ చిన్నాయన లేస్తలేడు. చాయ్ పెట్టి పిలుస్తున్న, పిలుస్తున్న, లేస్తలేడు" అంది. గొంతులో ఏడుపు కూడా లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తరువాత డాక్టరు చెప్పాడట.

ఆఫీసుకు మా ఇల్లు దగ్గరే కాబట్టి ముందు ఇంటికి వెళ్లాను. నాయన పేపరు చదువుతున్నాడు. "నాయనా, చిన్నాయన పోయిండు" అన్నాను. "ఏ చిన్నాయన?" అన్నాడు. ఆయనకు ఉన్నది ఒక్కడే తమ్ముడు.

మీరు మా చిన్నాయనను చూసి ఉండరు. చూసినా గుర్తుండే మనిషి కాదు. కరెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పెళ్లిళ్లలో వెనక వరుసలో కూర్చుని, ముందుగా తిని, చెప్పకుండా వెళ్లిపోయే రకం. నాకు మాత్రం ఆయన పోయాక శనివారాలు ఏం చేయాలో తోచడం లేదు.

ఆయన కథ చెప్పాలంటే మా తాత కొన్న స్పీకర్ల సంగతి చెప్పాలి. పట్నంలో ఎవరిదో పాత బంగ్లా సామాను నీలాం వేస్తుంటే మా తాత వెళ్లి, ఎవరూ అడగని రెండు పెద్ద స్పీకర్ పెట్టెలు కొనుక్కొచ్చాడట. నడుము ఎత్తు, టేకు చెక్క, ముందువైపు గోధుమరంగు నేత గుడ్డ. మా ఇంట్లో వాటిని డబ్బలనేవాళ్లు. అన్నదమ్ములిద్దరూ వాటి ముందు కూర్చునే పెద్దవాళ్లయ్యారు.

తరువాత మా ఊరి చుట్టూ అద్దాల బిల్డింగులు లేచాయి. పొలం ఉన్న ప్రతి ఇంట్లోనూ పంపకాలు మొదలయ్యాయి, మా ఇంట్లోనూ అంతే. నేనప్పుడు పదో తరగతి. పెద్దమనుషులు కూర్చుని బిందెలు, మంచాలు అన్నీ చెరిసగం చేస్తూ స్పీకర్ల దగ్గరికి వచ్చారు. చిన్నాయన అడ్డం పడ్డాడు. "ఇవి జోడి. ఇడగొట్టకుండ్రి. రెండు అన్ననే పెట్టుకోనియ్యిండ్రి" అన్నాడు. అప్పటికే పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి ఉంది. నాయనకు ఆ మాట నిప్పు మీద నెయ్యి అయింది. "నాకు ఎవ్వని దానం అక్కర లేదు. చెరొకటి రాయిండ్రి" అన్నాడు. రాశారు. బావిని పంచుకున్న అన్నదమ్ముల గురించి విన్నాను గానీ, జోడీ స్పీకర్లను పంచుకున్న ఘనత మా ఇంటికే దక్కింది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చిన్నాయన బాచుపల్లి వైపు ఫ్లాటు తీసుకుని వెళ్లిపోయాడు. ఏటా దసరాకు మాత్రం వచ్చేవాడు. జమ్మి ఆకు అన్న చేతిలో పెట్టి, కాళ్లు మొక్కేవాడు. నాయన తల మీద చెయ్యి పెట్టేవాడు. ఇద్దరిలో ఎవరూ పెదవి విప్పేవారు కాదు. అమ్మ చాయ్ తెచ్చేలోపే ఆయన చెప్పులు వేసుకునేవాడు. "నోట్లెకెళ్లి ముత్యాలు రాల్తయా ఇద్దరికి?" అని అమ్మ ప్రతి ఏడూ తిట్టేది.

మా వాటా స్పీకరు మొక్క కుండీకి పీట అయింది, కొన్నాళ్లకు నీళ్ల క్యాను దాని నెత్తికెక్కింది. చిన్నాయన తన వాటాకు దుప్పటి కప్పి దాచుకున్నాడు. రిటైరైన మరుసటి వారమే ఆ దుప్పటి తీసి బాగు చేయడం మొదలుపెట్టాడు.

నాకు ఆ పని మొదట తమాషాగా అనిపించింది. శనివారాలు వెళ్లి చూస్తూ కూర్చునేదాన్ని. ఆఫీసు చొక్కాను తిరగేసి తొడుక్కుని బాల్కనీలో చేరేవాడు. ఏ పలకనైనా ముందు వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. అతుకు ఊడిన చోట చప్పుడు బోలుగా వస్తుంది, అక్కడ జిగురు ఎక్కించి బిగించేవాడు. నేను సాండ్ పేపర్ తీసుకుని ఇష్టం వచ్చినట్టు రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "చెక్కకు నడక ఉంటది బిడ్డా. దాని నడక ఎంబడే పోవాలె. ఎదురు రుద్దితే ఇప్పుడేం కనపడది. పాలిష్ ఏసినంక గీతలన్ని బయటపడ్తయి." ఆరబెట్టిన వడియాల మీద చెక్కపొట్టు పడిందని చిన్నమ్మ లోపలి నుంచి గోల పెట్టేది. "పొట్టుల పీచు ఉంటది, అరుగుదలకు మంచిది" అనేవాడు.

లోపల కాగితపు కోను చుట్టూ ఉండే ఫోము అంచు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. కొత్త అంచు అంటించి, ఆరేదాకా దాని జోలికి వెళ్లనిచ్చేవాడు కాదు. ఆరాక పరీక్షించడానికి వార్తలు పెట్టేవాడు. పాట పెట్టమంటే ఒప్పుకునేవాడు కాదు. "పాట మోసం చేస్తది. ఎంత పాడు డబ్బల పెట్టినా మంచిగనే అనిపిస్తది. మనిషి మాట్లాడితే తెలుస్తది తప్పెక్కడుందో" అనేవాడు. ఆ మాట అనే మనిషి సొంత అన్నతో మాట్లాడడని నాకు లోలోపల నవ్వొచ్చేది. కోపమూ వచ్చేది.

తన పెట్టె పూర్తయ్యాక ఒకరోజు మెల్లగా అడిగాడు. "మీ ఇంట్లున్నది ఎట్లున్నది?" మాది ఎలా ఉందో చెప్పాను. ముఖం వాడిపోయింది. "అడిగి తెచ్చుకోరాదూ" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "నేనడిగితే అన్న వాటా అడిగినట్టయితది. గట్ల అడగొద్దు. ఎవరన్న తెచ్చిస్తే బాగు చేసి మల్ల పంపిస్త."

ఇంటికొచ్చి అమ్మ చెవిన వేశాను. ఆమె మర్నాడే నాయనతో "ఆ డబ్బల ఎలుకలు పడ్డయి. ఇంట్ల నుంచి తీసేస్తున్న" అంది. నాయన పేపరు మీది నుంచి కళ్లెత్తకుండా "ఏమన్న చేసుకో" అన్నాడు. ఎక్కడికి తీసేస్తున్నావని అడగలేదు. అడగకపోవడంలోనే ఆయన ఒప్పుకోలు ఉందని అమ్మ అంటుంది.

ఆ పెట్టెను చిన్నాయన ఇంటికి చేర్చి విప్పితే, నిజంగానే ఎలుకలు పడి ఉన్నాయి. ముందుగుడ్డ కొరికేసి ఉంది. ముందున్న గుండ్రటి రంధ్రంలోంచి చిన్నప్పుడు నేను వేసిన గోళీలు, చింతగింజలు, అమ్మ ఇల్లంతా వెతికిన గరిటె బయటపడ్డాయి. పైన కుండీ ముద్ర చెక్కలోకి నల్లగా దిగిపోయింది. దాన్ని పోగొట్టడానికి చిన్నాయన వారాల తరబడి కూర్చున్నాడు. ముద్ర పోయింది. తన పెట్టెకు కూడా అంత కష్టపడలేదు.

చివరికి రెండూ గోడకు పక్కపక్కన నిలబడ్డాయి. అప్పుడు గమనించాను. మా పెట్టెకు గోధుమరంగు పాత గుడ్డ ఉంది, ఆయన పెట్టెకు కొత్తది.

"ఇది నీ డబ్బ గుడ్డ గద చిన్నాయనా?"

"చూసినవా? చెప్పకు. అన్న కండ్లల్ల పాతదే ఉంటది. కొత్తది చూస్తే మనది కాదంటడు."

రెండూ కలిపి ఒక్కసారి పాట పెట్టమని బతిమాలాను. తీగలన్నీ చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. ఆయన వినలేదు. "అన్న లేకుంట ఎట్ల పెడ్త? రేపు దసరాకు నా డబ్బ గూడ మీ ఇంటికి తెస్త. జమ్మి పెట్టినంక ఇద్దరం కూసోని ఇంటం. మాట్లాడే పనిగూడ ఉండది" అన్నాడు.

మా పెట్టెను ఆయనే ట్రాలీ ఆటోలో తెచ్చాడు. పైకి రమ్మంటే పండుగకు వస్తానన్నాడు. నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. పై చెక్క మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ జరిపాడు. కుండీ ఏదో మూలకు చేరింది. "చాయ్ తాగిండా వాడు?" అని అడిగాడు. లేదన్నాను. బాల్కనీలోకి వెళ్లి, ఆటో మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. తమ్ముణ్ణి ప్రాణంతో చూడడం అదే ఆఖరు. బతుకమ్మ ఇంకా మొదలే కాలేదు.

చిన్నాయనను అపార్ట్‌మెంటు సెల్లారులో, కార్లు పక్కకు తీసి పడుకోబెట్టారు. నాయన అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, పైకి ఫ్లాటులోకి వెళ్లలేదు. దినాలు అయిపోయి తిరిగి వస్తుండగా కారులో ఉన్నదంతా చెప్పేశాను. దసరా మాట, గుడ్డ మాట, అన్నీ. చెప్పకు అని చిన్నాయన కోరిన మాట నిలుపుకోలేదు, నిలుపుకుని ఏం చేయాలి? లింగంపల్లి దాటాక నాయన, "ఆ రోజు బాల్కనీల నిలబడి ఒక్క కేక పెడితే ఇనపడేది వానికి" అన్నాడు. ఇంటికి వెళ్లేవరకు అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. నేను కారు నడపలేక పక్కకు ఆపుకున్నాను.

రెండో పెట్టెను మీరే తీసుకుపొమ్మని చిన్నమ్మ ఫోన్ చేసింది. నాయన ఒప్పుకోలేదు. "అది వాని వాటా, వాని ఇంట్లనే ఉండాలె" అన్నాడు. మళ్లీ మొదటికొచ్చిందనుకున్నాను. ఆ ఆదివారం ఆయనే ట్రాలీ ఆటో పిలిచి, మా పెట్టెకు తన కంబళి చుట్టి ఎక్కించాడు.

"రా బావా" అంది చిన్నమ్మ తలుపు తీసి. ఆ గడపలో నాయన కాలు పెట్టడం అదే మొదలు. రెండు పెట్టెలనూ గోడకు పెట్టి, చిన్నాయన చేస్తుండగా చూసినట్టే తీగలు కలిపాను. ఫోన్‌లో ఏదో పాత పాట పెట్టాను.

ఒక్కో పెట్టెనూ విడిగా ఎన్నిసార్లు విన్నానో. కలిపి వినడం ఇదే మొదటిసారి. గొంతు ఈ పెట్టెలోంచీ రాలేదు, ఆ పెట్టెలోంచీ రాలేదు. రెంటి నడుమ, ఏమీ లేని గోడ దగ్గర ఎవరో నిలబడి పాడుతున్నట్టు వచ్చింది. నాయన ఆ గోడనే చూస్తున్నాడు.

"ఏడ కూసునెటోడు వాడు?" అని అడిగాడు.

చిన్నమ్మ బాల్కనీ తలుపు పక్కన గచ్చు చూపించింది. పాలిష్ చుక్కలు రాలి, అక్కడ బండ గోధుమరంగుకు తిరిగింది. నాయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిగి, ఆ చోటును వదిలి కొంచెం ఇవతలికి కూర్చున్నాడు. పాట నడుస్తూనే ఉంది. ఆయన తన పక్కనున్న ఆ ఖాళీ బండను అరచేత్తో రెండుసార్లు తట్టాడు, వచ్చి కూర్చోమని చిన్నపిల్లవాణ్ణి పిలిచినట్టు.